పీటర్సుబర్గు సొరంగము

లక్కయింటి కథ నెఱుగని తెలుగువాడు లేడు. విదురుడు పంపగా ఒక ఖనకుడు వచ్చి, ఇంటి నడుమ బిలము త్రవ్వి, దానికి కవాట మమర్చి, నేలతో సమముగా కప్పి, పాండవులను బ్రదికించెను. ఆ ఖనకుని పేరేమి? భారతము చెప్పదు. ఇల్లు కాల్పదలచిన పురోచనుని పేరు మనకు తెలియును. ప్రాణములు నిలిపినవాని పేరు తెలియదు. కౌటిల్యుడు శత్రుదుర్గములను పట్టు ఉపాయములు చెప్పుచు ‘సురుంగా’ యను మాట వాడినాడు. అది యవనభాషనుండి మన దేశమునకు వచ్చినదని కొందఱు పండితుల మతము. మాట ఎచ్చటిదైనను పని యొక్కటే: కోటగోడ నెక్కలేనివాడు దాని క్రిందికి పోవును. ఆ పోయెడివాడు రాజు కాడు, సేనాపతి కాడు. మట్టి నెఱిగిన కూలివాడు.

ఇట్టి కూలివారు త్రవ్విన సొరంగములలో నొకదానిని గూర్చి ఈ నెల చదువరులకు విన్నవింపదలచితిని. అది అమెరికా దేశమున 1864వ సంవత్సరమున త్రవ్వబడినది. అది నేల క్రింద జయించి నేలమీద ఓడిపోయిన సొరంగము. ఆ ఓటమికి కారణము వెదకినచో అది మన ఇండ్లకు చాల దగ్గఱగా కనబడును.

అమెరికాలో 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధమునకు మూలము బానిసత్వము. దక్షిణ రాష్ట్రములు నల్లజాతివారి బానిసచాకిరిపై బ్రదుకుచు, ఆ బ్రదుకు పోవునను భయముచే సమితినుండి విడిపోయినవి. అధ్యక్షుడు లింకను 1863 జనవరి 1వ తేదీన తిరుగుబాటు ప్రాంతములలోని బానిసలు స్వతంత్రులని ప్రకటించి, వారికి ఉత్తర సైన్యమున ప్రవేశ మొసగెను. యుద్ధము ముగియునాటికి సుమారు 1,80,000 మంది నల్లవా రందు చేరిరి. అయినను, తెల్లభటునికి నెలకు 13 డాలర్లును, పైన బట్టలును ఇచ్చిన ప్రభుత్వము నల్లభటునికి 10 డాలర్లు వ్రాసి, అందు బట్టలకని 3 డాలర్లు పట్టుకొనెడిది. తుపాకిగుండు మాత్రము ఇరువురకును సమానముగానే తగిలెడిది. ఈ భేదమును మాన్పిన శాసనము 1864 జూనులో వచ్చినది. మన కథయు ఆ నెలలోనే మొదలగుచున్నది.

దక్షిణాది ప్రభుత్వమునకు రాజధాని వర్జీనియాలోని రిచ్మండు నగరము. దానికి దక్షిణముగా ఇరువది మైళ్లకు పైబడిన దూరమున, అపొమాటక్సు నది యొడ్డున పీటర్సుబర్గు పట్టణ మున్నది. రాజధానికి తిండియు మందుగుండును చేర్చు రైలుదారులు పెక్కు అచ్చట కలియును. ఉత్తర సేనాని గ్రాంటు జూను నడుమ దానిపై పడి, నాలుగు దినములలో వేలకొలది భటులను పోగొట్టుకొని, పట్టలేక, ఎదుట కందకములు త్రవ్వించి కూర్చుండెను. దక్షిణ సేనాని లీ అటువైపున కూర్చుండెను. ఆ కూర్చుండుట తొమ్మిది నెలలకు పైగా సాగినది.

ఒకచోట ఇరుపక్షముల కందకముల నడుమ దూరము 400 అడుగులకు మించలేదు. అచ్చట గట్టుమీద దక్షిణాదివారి ఫిరంగుల బురుజొకటి ముందునకు పొడుచుకొని వచ్చియుండెను. దాని కెదురుగా నున్నది పెన్సిల్వేనియా 48వ పటాలము. ఆ పటాలమున పెక్కురు స్కూల్‌కిల్ మండలపు బొగ్గుగనులలో పనిచేసినవారు. గనిపనివానికి గుట్ట కనబడినచో దాని పైభాగము కాదు, లోపలిభాగము తోచును. ‘దీని క్రిందికి ఒక్క బాట వేసినచో ఈ బురుజును ఎగురగొట్టవచ్చును’ అని భటులలో నొకడు పలుకగా, ఆ మాట వారి నాయకుడు హెన్రీ ప్లెజంట్సు చెవిని పడెనని చెప్పుదురు. ప్లెజంట్సు గనుల ఇంజనీరు. భటుని మాటను నవ్వి త్రోసివేయక లెక్క వేసిచూచెను. అతని పైయధికారి బర్నుసైడు సేనాని సమ్మతించెను. జూను 25వ తేదీన గునపము పడినది.

పాఠకులు ఇక్కడ కొంచెము ఆగవలెను. ఏలయన, సైన్యమున ఇంజనీర్ల శాఖ యని వేఱుగా నొకటి యుండెను. దాని పెద్ద డ్యూయేను అనువాడు. ఆతడును, మీడు సేనాని ఆస్థానములోని తక్కిన విద్వాంసులును ఈ పనిని పిచ్చిపని యనిరి. యుద్ధములలో 400 అడుగులకు మించిన సొరంగము ఎవరును త్రవ్వలేదనియు, గాలి యాడక లోనివారు చత్తురనియు వారి వాదము. గ్రంథము తెలిసినవారికి గ్రంథములో లేనిది లోకములో లేదనిపించుట క్రొత్త కాదు. సంస్కృతము చదివిన మాకును ఆ జబ్బు గలదు. వారు అడ్డుపెట్టలేదు, సాయమును చేయలేదు. ప్లెజంట్సు కొలతలకు థియొడొలైటు అడిగెను. సైన్యముకడ నున్నది ఇయ్యలేదు. బర్నుసైడు వాషింగ్టనుకు వ్రాసి పాతకాలపు దొకటి తెప్పించి యిచ్చెను. దానిని పట్టుకొని ప్లెజంట్సు శత్రుతుపాకుల యెదుటికి పోయి, పలుమాఱులు దూరము కొలిచెను. గనిలో వాడు సన్నని గునపములు లేవు. సైన్యపు గునపములనే కమ్మరులచేత సాగగొట్టించిరి. మట్టి మోయుటకు తోపుడుబండ్లు లేవు; బిస్కట్లు వచ్చిన కొయ్యపెట్టెలకు పీపాల యినుపపట్టాలు బిగించి, పిడులు తగిలించి మోసిరి. లోపల ఆనికలకు కలప లేదు; కూలిన వంతెన దూలములు పీకి తెచ్చిరి, అయిదాఱు మైళ్ల దూరమున పాడుపడిన కోతమిల్లు కనబడగా అచ్చట పలకలు కోసికొనిరి. బయటికి వచ్చిన మట్టిపై పగలు శత్రువునకు కనబడకుండ కొమ్మలు కప్పిరి. మధ్యలో ఊటనేల తగిలి ఆనికలు క్రుంగినవి. తరువాత జిగటబంకమన్ను తగిలి, అది గాలి సోకగానే ఱాయియై గునపమునకు లొంగకపోగా, బాటను కొంత పైకి ఎత్తి సాగించిరి. ఆ బంకమన్ను దొరికినవారు దానితో చుట్టగొట్టములు చెక్కుకొనిరట.

గాలి మాట. విద్వాంసులు అసాధ్యమన్న దీనిని గనిపనివారు తమ ఊరి పద్ధతిచేతనే సాధించిరి. సొరంగము నోటికి కొంతదూరమున, తమ కందకముల మఱుగున, పైనుండి సొరంగపు మట్టమువఱకు పొగగొట్టమువంటి నిలువుబావి యొకటి త్రవ్విరి. దాని యడుగున ఎల్లప్పుడు నిప్పు మండుచుండును. సొరంగపు నోటిని గాలి చొఱని తెరతో మూసిరి. బయటినుండి ఆ తెర గుండ లోపలి కొసవఱకు నేలవెంబడి ఒక కొయ్యగొట్టము వేసిరి. నిప్పుచే వేడెక్కిన గాలి బావిలో పైకి పోవును. అది పోయిన చోటికి లోపలి చెడుగాలి వచ్చును. ఆ కొఱత తీర్చుటకు కొయ్యగొట్టమువెంట మంచిగాలి సొరంగపు కొసకు, సరిగా త్రవ్వువాని మొగముమీదికి, పోవును. యంత్రము లేదు, తిరుగలి లేదు. వంటయింటి పొయ్యి చేయు పనియే. సొరంగము ముందునకు సాగినకొలది గొట్టమును సాగించుటయే పని. జూలై 17 నాటికి వారు బురుజు క్రిందికి చేరిరి. బాట పొడవు 510 అడుగులకు పైన, ఎత్తు ఐదడుగులు, నేల మట్టమున వెడల్పు నాలుగున్నర అడుగులు, పైన రెండు. కొసను కుడియెడమలకు 38, 37 అడుగుల కొమ్మలు రెండు త్రవ్విరి. పైన సుమారు ఇరువది యడుగుల మన్ను, ఆ మంటిపై శత్రువులు.

ఆ శత్రువులకును అనుమానము పుట్టినది. వారును ఎదురుసొరంగములు త్రవ్వి, మౌనముగా చెవియొగ్గి వినిరి. ఈ విద్య మన దేశమునకు తెలిసినదే. 1687లో ఔరంగజేబు గోలకొండను ముట్టడించి బురుజుల క్రింద మందు కూరించినప్పుడు, కోటలోనివారు లోపలినుండి త్రవ్వుకొని వచ్చి, కొంత మందు తోడివైచి, నీళ్లు పోసి తడిపిరి; ఆ పాతర నంటించునప్పుడు అది వెనుకకు తన్ని మొగలు భటులనే చంపెను. కోట చివరకు సొరంగముచే పడలేదు, లంచముచే తెఱవబడిన తలుపుచే పడినది. పీటర్సుబర్గువారి కట్టి యదృష్టము లేకపోయెను. వారి ఎదురుసొరంగములు పెన్సిల్వేనియావారి గదులకు తగులకయే తప్పిపోయినవి.

బర్నుసైడు 12,000 పౌనుల మందు కోరగా 8,000 పౌనులు ఇచ్చిరి. 320 పీపాలు, ఒక్కొక్కటి 25 పౌనులు, భటులు వంగి మోసికొనిపోయి కొమ్మలలో నెనిమిది అరలలో పేర్చిరి. నిప్పంటించుటకు విద్యుత్తీగ యడిగిరి, రాలేదు. వచ్చినది మామూలు వత్తి, అదియు తునుకలు తునుకలుగా. తునుకలను ముడివైచి సరిపెట్టిరి. ఆ ముడి జ్ఞాపకముంచుకొనుడు.

ఇక నేలమీది యేర్పాట్లు. బర్నుసైడు దళమున నాలుగు విభాగము లుండెను. మూడు తెల్లవారివి, మే నెలనుండి ఎడతెగని పోరాటములలో నలిగి, తల యెత్తినచో గుండు తగులునను వెఱపుతో కందకములలో కుక్కుకొనియుండినవి. నాలుగవది నల్లవారిది, తొమ్మిది పటాలములు, నాలుగువేలకు పైగా భటులు. దాని నాయకుడు ఫెరేరో తెల్లవాడు. యుద్ధమునకు పూర్వము నాట్యోపాధ్యాయుడు. బర్నుసైడు ఈ నాలుగవ విభాగమునే ముందు నడువుమనెను. బురుజు ఎగిరిన తోడనే గుంటలోనికి దిగక, దాని కిరుప్రక్కల చీలి, శత్రుకందకములను అటునిటు తుడిచివేసి, తక్కినవారు వెనుకనున్న గట్టునెక్కుటకు దారి చేయవలెనని ఉపాయము. వారు కొన్ని వారములు దీనికై సాధనచేసిరి. ఆ శిక్షణ ఎంత పూర్ణమైనదను విషయమున చరిత్రకారులకు భిన్నాభిప్రాయములు గలవు. కాని ముందు నడువవలసినది తామేయని వా రెఱుగుదురు. ఆ రాత్రులలో నిప్పులచుట్టును గుమిగూడి దానినిగూర్చియే పాడుకొనుచుండిరని వారి యధికారులలో నొకడు వ్రాసియున్నాడు. ఆ యేప్రిలులోనే పిల్లో కోటకడ లొంగిపోయిన నల్లభటులను దక్షిణాదివారు నఱకివైచి యుండిరి. తాము పట్టుబడినచో ఖైదు దొరకదను సంగతి తెలిసియే వా రా పాట పాడిరి.

యుద్ధమునకు ముందుదినము, జూలై 29న, మీడు సేనాని యాజ్ఞ వచ్చినది: నల్లవారు ముందు నడువరాదు, తెల్లవారి విభాగ మొకటి నడువవలెను. మీడు చెప్పిన హేతువు, వారు క్రొత్తవారు, పోరు చూడనివారు అని. గ్రాంటు దీనికి తల యూచెను. ఆతడు తరువాత విచారణలో చెప్పిన హేతువు వేఱు: పని చెడినచో, ఈ నల్లవారి ప్రాణములు లెక్కలేక వారిని ముందు త్రోసి చంపించితిమని లోకము నిందించును గదా యని.

ఈ రెండవ హేతువు చూడుడు. ఇందు ద్వేషము లేదు. పైకి చూచిన దయయే. కాని ఆ దయ ఎవరి మేలుకొఱకు? నిందనుండి తప్పించుకొనవలసినవారు సేనానులు. చోటు పోగొట్టుకొన్నవారు భటులు. ఆ భటుల నొక్కమాట అడిగినవారు లేరు. నమ్మకము లేనివాడును, నిందకు వెఱచువాడును వేఱు వేఱు దారుల బయలుదేరి ఒక్క తలుపును మూసిరి.

నే నీ భాగమును తరగతిలో చెప్పునప్పుడు మాట తడబడును. ఉద్యోగమున చేరిన క్రొత్తలో, ఒక పాఠశాల వార్షికోత్సవమునకు ఊరిచివరి పేటనుండి వచ్చు బాలు నొకనిని శ్లోకపఠనమునకు సిద్ధపఱచితిని. నెల దినములు వాడు కంఠస్థము చేసెను. వాని యుచ్చారణము నా యుచ్చారణముకంటె శుద్ధము. ముందునాటి సాయంకాలము పెద్దలు కొందఱు, సభలో ఎవరైన ఎకసక్కెము చేసినచో పసివాని మనసు నొచ్చునని, మఱొకని నిలుపుమనిరి. వారు దుర్మార్గులు కారు. నేను సరేయంటిని. మఱునాడు వేదికమీది బాలుడు తడబడినచోట నెల్ల మూడవ వరుసలో కూర్చున్న వాని పెదవులు కదలుచుండెను. నేను చూచితిని.

పీటర్సుబర్గునకు మరలుదము. బర్నుసైడు మనసు విఱిగి, మూడు విభాగముల నాయకులను పిలిచి, ముందు నడువవలసిన వాని నెన్నుకొనక చీట్లు వేసెను. చీటి లెడ్లీ యనువానికి పడినది. నలుగురిలో మిక్కిలి పనికిమాలిన వాడు ఆతడే. లెడ్లీ తన భటులకు ఉపాయమును సరిగా తెలుపనేలేదు. తమ కందకముల యెదుటి అడ్డములను తొలగింపవలసిన పనియు జరుగలేదు. ఈ తప్పు బర్నుసైడునకును చెందును.

జూలై 30, తెల్లవాఱకముందు మూడుంబావుకు ప్లెజంట్సు వత్తి యంటించెను. అరగంటలో పేలవలసినది. గంట గడచినను చప్పుడు లేదు. హారీ రీసు అను సార్జెంటు, జేకబు డౌటీ అను లెఫ్టినెంటు సొరంగములోనికి ప్రాకిపోయిరి. వత్తి ఆ ముడికడనే ఆఱియుండెను. మరల ముడివైచి, అంటించి, వెలికి వచ్చిరి. నాలుగు గంటల నలువదినాలుగు నిమిషములకు భూమి పైకి లేచినది. నిద్రలో నున్న దక్షిణాది భటులు సుమారు 300 మంది ఆ క్షణముననే కడతేఱిరి. వారి ఫిరంగులు, బండ్లు, దేహములు మట్టితోగూడ నెగసి పడినవి. 170 అడుగుల పొడవు, 30 అడుగుల లోతు గల గుంట మిగిలెను.

లెడ్లీ భటులు మీద పడనున్న మట్టిని చూచి వెనుకకు పాఱిరి. తమ కందకము నెక్కి వచ్చుటకు నిచ్చెనలు లేక బాకులు గోడలో గ్రుచ్చి మెట్లు చేసికొనిరి. గుంట చేరి, చుట్టు పోవలసినదని తెలియక, లోపలికి దిగిరి. సగము పూడుకొనిపోయిన శత్రువులను కొందఱు జాలిపడి మట్టినుండి లాగిరి. ఇది ఆనాడు జరిగిన మంచిపనులలో నొకటి. వెనుక వచ్చిన విభాగములును ఆ గుంటలోనికే ఒఱిగినవి. జాఱుడు మట్టి, ఎక్కుటకు పట్టు లేదు. నాయకత్వము వహింపవలసిన లెడ్లీ వెనుక నొక బిలములో కూర్చుండి మద్యము త్రాగుచుండెను. తరువాత ఫెరేరోయు ఆతనికి తోడయ్యెను.

మూడు గంటలు గడచి, శత్రువు తేఱుకొని, గుఱి కుదిరిన తరువాత, ఎనిమిది గంటల ప్రాంతమున నల్లవారిని పొమ్మనిరి. ముందు పోయినచో తెఱపి దొరకెడి చోటికి, మూసికొనిపోయిన పిమ్మట పంపిరి. అయినను వారిలో పెక్కురు గుంటను తప్పి ప్రక్కలకు పోయి, కందకము పట్టి, ఖైదీలను జెండాలను గైకొనిరి. అంత మహోను అను దక్షిణ నాయకుడు వర్జీనియా భటులతో ఎదురు నడచెను. నల్లభటుల గుంపు చెదరి గుంటలోనికి పడెను. మధ్యాహ్నమువఱకు ఆ గుంటలో జరిగినది యుద్ధము కాదు, వధ. ఆయుధములు విడిచి లొంగిన నల్లవారిని చంపినట్లు చంపినవారే ఇండ్లకు జాబులు వ్రాసికొనిరి. నల్లవారితో కలిసి పట్టుబడినచో తమకును క్షమ దొరకదని ఉత్తరాది తెల్లభటులు కొందఱు తోడి నల్లవారినే పొడిచిరని అచ్చట నుండిన ఉత్తరాది భటు డొకడు తరువాత వ్రాసెను. పాఠకులు మన్నింపుడు, దీనిని విడిచిపెట్టి ఈ చరిత్ర చెప్పుట తగదు. మఱునాడు పట్టుబడినవారిని, తెల్ల యధికారుల నడుమ నల్లభటులను వరుసగా నిలిపి, అవమానార్థము పీటర్సుబర్గు వీథులలో త్రిప్పిరి. గాయపడి నడుమ పడియున్నవారు నీళ్లు లేక ఆగస్టు 1వ తేదీవఱకు ఎండలో నుండిరి. ఆనాడు సంధిజెండా లెత్తి శవములను పూడ్చిరి.

ఉత్తరాదివారి నష్టము సుమారు 3,800. దక్షిణాదివారిది సుమారు 1,500. నాలుగవ విభాగము ఒక్కటే 1,300 మందికి పైగా కోల్పోయెను. సైనిక విచారణలో బర్నుసైడు, లెడ్లీ, ఫెరేరో మొదలగువారిపై తప్పు మోపిరి. బర్నుసైడునకు మరల సేన దొరకలేదు. లెడ్లీ మఱుసటి జనవరిలో ఉద్యోగము వదలెను. ఫెరేరోకు మాత్రము ఆ డిసెంబరులోనే గౌరవపదవి లభించెను. అమెరికా శాసనసభవారి సంఘము వేఱుగా విచారించి, కడపటి దినమున చేసిన మార్పే చేటునకు మూలమని 1865లో తేల్చెను. ఆ సంఘము నెదుట గ్రాంటు, నల్లవారి విభాగమును ముందు పంపియుండినచో జయము కలిగెడిదని తాను నమ్ముచున్నట్లు ఒప్పుకొనెను. పెద్దవాడు తన తప్పును తాను చెప్పుట సామాన్యము కాదు. కావున ఆ మాటను నేను తక్కువ చేయను.

ఆనాటి భటులలో ఒకని పేరు చెప్పవలెను. డెకేటరు డోర్సీ, 39వ నల్ల పటాలపు సార్జెంటు, మేరీలాండులో బానిసగా పుట్టినవాడు. జెండా మోయువాడు గనుక తనవారికంటె ముందు పోయి శత్రువు కట్టపై దానిని నాటెను. పటాలము వెనుకకు తగ్గినప్పుడు ఆ జెండాను తీసికొని వచ్చి, చెదరినవారిని దానిచుట్టు చేర్చెను. అతనికి దేశపు పరమవీర పతక మిచ్చిరి.

1903 నవంబరులో పీటర్సుబర్గున పండుగ జరిగినది. మహోను నడపిన భటులు, అప్పటికి ముసలివారు, ఆ పొలముననే తమ యెదురుదాడిని మరల నటించి చూపిరి. వేలకొలది జనులు చూచిరి. ఆ నటనలో నల్లభటుని వేషము లేదు.

పొలము 1936లో జాతీయోద్యానమున చేరినది. గుంటలో గడ్డి మొలచి లోతు తగ్గినది. గనిపనివారు దూఱిన సొరంగపు నోరు నేటికిని కనబడును. లోపలి ఆనికలు క్రుళ్లి పైమన్ను కొన్నిచోట్ల దిగబడుటచే, బాట పోయిన జాడ నేలమీద గుంటలు గుంటలుగా, బురుజువఱకు, నడచిపోవువాని పాదములకు తెలియుచునే యున్నది.